యంత్రముతో వ్రాతమాట: పవర్‌షెల్ తొలిపాఠములు

గృహమునకు క్రొత్తగా వచ్చిన ప్రతి యంత్రమును మొదట జంకుతో చూచి, పిదప చనువుతో వాడుకొని, తుదకు దాని లోపములను మనమే కనిపెట్టి చెప్పుట మన స్త్రీలకు వాడుకయే. కుట్టుమిషను సంగతి యట్లే జరిగినది. గ్యాసుపొయ్యి, మిక్సీ, చేతిఫోను సంగతియు నట్లే జరిగినది. కంప్యూటరు విషయమున మాత్రము ఈ చనువు సగము దారిలో నిలిచిపోయినది. కరెంటు బిల్లు కట్టుటకు, పిల్లల పరీక్షాఫలితములు చూచుటకు, దూరముననున్న బంధువులతో మాటాడుటకు దానిని వాడుచునే యున్నాము. దానిని చక్కగా నుంచుకొను పనియు, చెడినపుడు సరిచేయు పనియు మాత్రము ఇంకను పరులదిగనే యున్నది.

మఠంపల్లి ప్రాంతపు సోదరి యొకరు మాకు వ్రాసిన లేఖలో నీ సంగతియే కలదు. వారు డిగ్రీవరకు చదివిరి. వివాహానంతరము చదువు నిలిచినది. ఇప్పుడు బిడ్డ బడికి పోవుచున్నది, ఇంట నొక ల్యాప్‌టాప్ కలదు, పగలు కొంత తీరిక దొరకుచున్నది. కార్యాలయములలో కంప్యూటరులను సంరక్షించు నుద్యోగమునకు వలయు విద్యను నేర్వవలెనని వారి కోరిక. “అది యింజనీర్ల పని; నీవు ముట్టుకొన్నచో ఉన్న యంత్రము కాస్త పాడగును” అని యింటివారి యభ్యంతరము. ఎచ్చటనుండి మొదలిడవలెను? యంత్రము నిజముగా పాడగునా? ఇవి వారి ప్రశ్నలు. ఇవియే మఱి యెందఱి మనస్సులలోనో యుండునని తలచి, ఈ నెల శీర్షికను వీనికే వినియోగించుచున్నాము.

మొదట ఆ యుద్యోగ మేమో తెలిసికొందము. మఠంపల్లి 2016వ సంవత్సరము అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలోనిది. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనిది. కృష్ణ యొడ్డున మట్టపల్లి నరసింహస్వామి సన్నిధి ఒకవైపు, సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు ఒకవైపు గల ప్రాంత మది. పెద్ద కర్మాగారమున లారీల తూకము మొదలు కూలీల హాజరువఱకు లెక్కలన్నియు కంప్యూటరులమీదనే నడచును. బ్యాంకు, ఆసుపత్రి, కళాశాల, మండల కార్యాలయము అన్నిటి సంగతియు నంతే. ఆ యంత్రములలో ఏది నిండిపోయినది, ఏది నిలిచిపోయినది, ఎవరికి ఏ దస్తరము చూచు నధికారము గలదు, రాత్రి నకళ్ళు సరిగా తీయబడినవా లేదా అని నిత్యము కనిపెట్టి చూచువారిని సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు లందురు. ఉమ్మడికుటుంబమున తాళపుచెవుల గుత్తి యెవరి చేతిలో నుండునో వారి పనివంటిదే యిది.

రెండు మూడు యంత్రములున్నచోట బొమ్మలమీద నొక్కుచు నన్నిటిని చూచుకొనవచ్చును. రెండువంద లున్నచోట నది సాగదు. అందుచే అడ్మినిస్ట్రేటరులు బొమ్మలను విడిచి, యంత్రమునకు వ్రాతమూలకముగా ఆజ్ఞ లిత్తురు. ఒకమారు వ్రాసిన యాజ్ఞ రెండువందల యంత్రములకును చెల్లును. ఇట్లు ఆజ్ఞలను గ్రహించి నెరవేర్చు సాధనమును షెల్ అందురు. యూనిక్సు యంత్రములకు 1971వ సంవత్సరముననే యిట్టిది కలదు. నేడు లినక్సులో విరివిగా వాడబడు బ్యాష్ 1989లో వెలువడినది. విండోసు యంత్రములకు తగిన షెల్ కావలెనని మైక్రోసాఫ్టు సంస్థలోని జెఫ్రీ స్నోవర్ 2002లో నొక ప్రణాళిక వ్రాసెను. దాని ఫలముగా 2006వ సంవత్సరము నవంబరులో పవర్‌షెల్ వెలువడినది. మన హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్ళ ఆ సంస్థకు ముఖ్యాధికారిగా నున్న కాలమున, 2016 ఆగస్టులో, దాని మూలవ్రాతను లోకమునకంతకు వెల్లడిచేసి, లినక్సునకును, ఆపిల్ యంత్రములకును గూడ ఉచితముగా నిచ్చిరి. విండోసు యంత్రములలో నొక పవర్‌షెల్ ముందే యుండును. కావున మీరు కొనవలసిన దేమియు లేదు.

ఇక పనిలోనికి దిగుదము. కీబోర్డుమీద విండోసు గుర్తుగల మీటను నొక్కి, పవర్‌షెల్ అని ఆంగ్లమున వ్రాసి, ఎంటర్ నొక్కుడు. నీలముగనో నల్లగనో ఒక తెర వచ్చును. అందు పీయస్ అను రెండక్షరములు, మీ ఫోల్డరు పేరు, తరువాత నొక బాణపుమొన కనబడును. “సిద్ధముగా నున్నాను, సెలవిండు” అని దాని భావము. ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ అను దారి యొకటి కూడ తోచును. మొదటి నెలలలో దాని జోలికి పోవలదు. అది యింటి బీరువా తాళములన్నియు చేతి కిచ్చుట వంటిది. కూడికలు నేర్చుకొనుటకు బీరువా తెరువ బనిలేదు.

ఆజ్ఞలను ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలెను. ఇచ్చట నుచ్చారణ తెలియుటకై తెలుగులిపిలో చూపుచున్నాము. పెద్దయక్షరములా చిన్నయక్షరములా యను పట్టింపు లేదు; నడుమ నడ్డుగీత మాత్రము విడువరాదు. మొదట నిది వ్రాయుడు:

గెట్-డేట్

నేటి తేదీయు గంటయు వచ్చును. ఇది మీ మొదటి యాజ్ఞ. దీనిలోనే పవర్‌షెల్ వ్యాకరణమంతయు నున్నది. ముందు క్రియ, నడుమ నడ్డుగీత, తరువాత నామము. గెట్ అనగా తెచ్చి చూపుట. సెట్ అనగా నొక యమరికను మార్చుట. న్యూ అనగా క్రొత్తది చేయుట. రిమూవ్ అనగా తొలగించుట. స్టార్ట్, స్టాప్ అనగా నడుపుట, నిలుపుట. అంగీకరింపబడిన క్రియలు సుమారు 100 మాత్రమే. నిత్యము వాడుకలో వచ్చునవి పదో పదునైదో. గెట్-సర్వీస్ యనిన యంత్రమున తెరవెనుక నడచు సేవల పట్టిక వచ్చును. గెట్-ప్రాసెస్ యనిన ఇప్పుడు నడచుచున్న పనుల పట్టిక వచ్చును. ఆంగ్లము ధారాళముగా రానివారును ఈ కొలదిమాటలను వారము దినములలో పట్టుకొనగలరు. మాట పూర్తిగా జ్ఞప్తికి రానియెడల నాలుగక్షరములు వ్రాసి ట్యాబ్ మీటను నొక్కిన యంత్రమే పూరించును.

ఇందొక మేలుగలదు. గెట్ అను క్రియ చూపుటకే కాని దేనిని మార్చుటకు గాదు. కావున మొదటి పదిదినములు గెట్ తో మొదలగు నాజ్ఞలనే వాడుచు తిరుగుడు. యంత్రము పాడగునను భయము మీ దరికి రానక్కఱలేదు.

ఆజ్ఞలను కంఠస్థము చేయవలెనా యని కొందఱు జంకుదురు. అక్కఱలేదు, అడుగుట నేర్చిన చాలును. అడుగుటకు మూడు మాటలు గలవు. గెట్-కమాండ్ అనునది ఏ యే యాజ్ఞలు గలవో చెప్పును. గెట్-హెల్ప్ అను దాని ప్రక్కన ఏ యాజ్ఞ పేరు వ్రాసిన నా యాజ్ఞను వాడు విధము చెప్పును. చివర -ఎగ్జాంపుల్స్ అని చేర్చిన ఉదాహరణములు చూపును. సహాయపుటము లన్నియు యంత్రముతో రావు గనుక, చివర -ఆన్‌లైన్ అని చేర్చి ఇంటర్నెట్టుమీద పూర్తిపాఠమును చదువుకొనవచ్చును. మూడవది గెట్-మెంబర్, దాని సంగతి ముందు చెప్పెదము.

ఇప్పుడు ముఖ్యమైన విషయమునకు వచ్చితిమి. మిర్యాలగూడలో బియ్యపు మిల్లును చూడని వారు మీ ప్రాంతమున తక్కువగా నుందురు. ఒకవైపు వడ్లు పోయుదురు. మొదటి యంత్రము మట్టిబెడ్డలను, రాళ్ళను ఏరివేయును. రెండవది ఊకను తీయును. మూడవది తవుడును తీసి తెల్లజేయును. తరువాతి జల్లెడ నూకలను వేఱుచేయును. తుదను బస్తా నిండును. ఏ యంత్రమును తక్కిన యంత్రముల పని చేయదు. తనకు వచ్చినదానిపై తన పనిమాత్రము చేసి ముందునకు పంపును. పవర్‌షెల్‌లో ఆజ్ఞలను సరిగా నిట్లే వరుసగా కూర్చవచ్చును. ఒక యాజ్ఞకు మఱియొక యాజ్ఞకు నడుమ నిలువుగీత గీసిన, మొదటిదాని ఫలము రెండవదానికి పోవును. చూడుడు:

గెట్-ఛైల్డ్‌ఐటమ్ -ఫైల్ | సార్ట్-ఆబ్జెక్ట్ లెంగ్త్ -డిసెండింగ్ | సెలెక్ట్-ఆబ్జెక్ట్ -ఫస్ట్ 10

మొదటి భాగ మా ఫోల్డరులోని ఫైళ్ళన్నిటిని తెచ్చును. రెండవ భాగము వానిని పెద్దవి ముందును చిన్నవి వెనుకను ఉండునట్లు పేర్చును. మూడవ భాగము మొదటి పదింటిని మాత్రము నిలుపును. ల్యాప్‌టాప్ నిండిపోయినదని సందేశము వచ్చినపుడు, చోటు తినుచున్న వీడియోలేవో యీ యొక్క వరుసతో తెలియును. ఫోల్డరులోపలి ఫోల్డరులనుగూడ వెదకవలెనన్న మొదటి భాగమున -రికర్స్ అని చేర్చుడు.

పూర్వపు షెల్లులలో ఒక యాజ్ఞనుండి మఱియొక యాజ్ఞకు పోవునది వట్టి యక్షరముల వరుస. కావలసిన సంఖ్య ఎన్నవ మాటయో లెక్కించుకొని పట్టుకొనవలసివచ్చెడిది. పవర్‌షెల్‌లో పోవునది వస్తువే. వంటింట పేరు వ్రాసిన డబ్బాల వరుసను తలచుకొనుడు. కందిపప్పు డబ్బాను మూడవ యరలో నుంచినను అయిదవ యరలో నుంచినను పేరు చూచి తీసికొందుము. అట్లే ప్రతి ఫైలు వస్తువును తనతో పేరు, పరిమాణము, తేదీ మొదలగు చీటీలను మోసికొని వచ్చును. ఏ వస్తువునకు ఏ చీటీ లున్నవో తెలిసికొనుటకే గెట్-మెంబర్ ఉన్నది. పై వరుసలో లెంగ్త్ అను మాట మా కెట్లు తెలిసినది? గెట్-ఛైల్డ్‌ఐటమ్ తరువాత నిలువుగీత గీసి గెట్-మెంబర్ అని అడిగినచో అదియే చెప్పును.

ఇక రెండవ ప్రశ్న: యంత్రము పాడగునా? మాట దాచక చెప్పెదము. యంత్రము పాడగుట యరుదు. యంత్రములోని సొత్తు పోవుట మాత్రము కలదు. నేడు మన యిండ్లలోని ల్యాప్‌టాప్‌లలో పట్టాదారు పాసుపుస్తకపు నకలు, పిల్లల మార్కుల పత్రములు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు ఉండును. రిమూవ్-ఐటమ్ అను నాజ్ఞ తొలగించిన ఫైలు చెత్తబుట్టలోనికి పోదు, నేరుగా పోవును. మామూలుగా “నిజముగా తీసివేయుదునా?” అని యడుగదు కూడ. నక్షత్రపు గుర్తు ఒకటి పొరపాటున చేర్చిన, ఒక ఫైలునకు బదులు ఫోల్డరులోని ఫైళ్ళన్నియు పోవచ్చును. కావున ఇంటివారి భయము వట్టిది కాదు. వారు చెప్పిన మందు మాత్రము సరియైనది కాదు. ముట్టుకొనకుండుట మందు గాదు. క్రమము తప్పకుండుట మందు.

ఆ క్రమము సాధనములోనే యున్నది. తొలగించు నాజ్ఞకుగాని, మార్చు నాజ్ఞకుగాని చివర -వాట్‌ఇఫ్ అని చేర్చుడు. అప్పుడు యంత్రము పని చేయదు. “చేసినచో ఇది యిది తొలగించి యుందును” అని పేరుపేరున చెప్పును. పెండ్లి విస్తళ్ళు పఱచి, అతిథులు కూర్చొనకమునుపే వరుస చూచుకొనుట వంటి దిది. ఆ పట్టికను చదివి, మీరు కోరినవే యున్నవని నిశ్చయించుకొన్న పిమ్మటనే -వాట్‌ఇఫ్ తీసివేసి మరల నాజ్ఞ యిండు. ఇంకను అనుమానమున్న -కన్‌ఫర్మ్ అని చేర్చిన ఒక్కొక్కదానికి మీ సమ్మతి నడుగును. ఈ రెండు మాటలను గ్రహింపని యాజ్ఞలును కొన్ని కలవు గనుక, గెట్-హెల్ప్‌తో ముందు చూచుకొనుట మేలు.

అభ్యాసమునకు మీ యసలు ఫోల్డరులను వాడవలదు. ఒక క్రొత్త ఫోల్డరు చేసి, పనికిరాని ఫైళ్ళ నకళ్ళు ఇరువది యందు వేయుడు. ఆ ఫోల్డరును తెరచి, పైనున్న చిరునామా పట్టెలో పవర్‌షెల్ అని వ్రాసి ఎంటర్ నొక్కిన, షెల్ ఆ ఫోల్డరులోనే తెరచుకొనును. అందు పేర్లు మార్చుడు, తొలగింపుడు, తప్పులు చేయుడు. ఎఱ్ఱయక్షరములతో వచ్చు దోషసూచనను చూచి బెదరక, నిదానముగా చదువుడు. ఏ మాట తనకు తెలియలేదో అది చాలవఱకు చెప్పును. ఎంతకును నిలువని పనిని కంట్రోల్ మీటతో సి అక్షరమును నొక్కి నిలుపవచ్చును.

చేసిన పనిని వ్రాసి యుంచుట తరువాతి మెట్టు. ఆవకాయ కొలతలను పుస్తకమున వ్రాసి యుంచిన యింట ఏటేటను రుచి మాఱదు. జ్ఞాపకమును నమ్మినచోట ఒకయేడు ఉప్పెక్కువగును, ఒకయేడు కారము తగ్గును. అట్లే పనికివచ్చిన యాజ్ఞలను వరుసగా నొక ఫైలులో వ్రాసి, పేరు చివర చుక్కపెట్టి పీయస్1 అని చేర్చిన, అది స్క్రిప్టు అగును. రేపు అదే పనిని మఱల నాలోచింపకయే చేయింపవచ్చును. మీరు లేనినాడు మఱియొకరును చేయింపవచ్చును. అడ్మినిస్ట్రేటరు ఘనత యంతయు నిట్టి స్క్రిప్టుల సంచయమే.

క్రొత్తగా వ్రాసిన స్క్రిప్టును నడుపబోగా యంత్రము నిరాకరించిన నాశ్చర్యపడవలదు. గృహములలోని విండోసు యంత్రములలో స్క్రిప్టులు నడువకుండ మొదటినుండియు కట్టడి యుండును. రెండుమార్లు నొక్కినను ఆ ఫైలు నడువక, చదువుకొనుటకు మాత్రము తెరచుకొనును. ఈ జాగ్రత్తకు కారణమున్నది. 2000వ సంవత్సరము మే నెలలో ‘ఐ లవ్ యూ’ అను పేరుతో నొక యుత్తరము ఫిలిప్పీనుల నుండి బయలుదేరి, లోకమంతట లక్షలకొలది యంత్రములను చెఱచినది. ఆ యుత్తరమునకు తగిలించినది ఇట్టి స్క్రిప్టే; అది మఱియొక భాషలో వ్రాసినది. జనులు దానిని నొక్కినంతనే నడచిపోయినది. కట్టడిని మీ వఱకు సడలించుకొనుటకు సెట్-ఎగ్జిక్యూషన్‌పాలసీ అను నాజ్ఞ కలదు. రిమోట్‌సైన్డ్ అను మట్టమున నుంచిన, మీరు వ్రాసినవి నడచును. ఇంటర్నెట్టునుండి వచ్చిన సంతకములేని స్క్రిప్టులు నిలుపబడును. అంతకు మించి సడలింపవలదు.

ఈ సందర్భమున పవర్‌షెల్ నేర్వనివారుగూడ తెలిసికొనవలసిన దొకటి కలదు. ఇటీవలి సంవత్సరములలో నొక మోసము బయలుదేరినది. ఏదో వెబ్‌పుటమున “మీరు మనుష్యులేయని నిరూపింపుడు” అని చెప్పి, విండోసు మీటతో ఆర్ అక్షరమును, పిదప కంట్రోల్ మీటతో వి అక్షరమును నొక్కి, ఎంటర్ నొక్కుమందురు. అట్లు చేసినచో వారు చాటుగా నుంచిన యాజ్ఞ, పెక్కుసార్లు పవర్‌షెల్ ఆజ్ఞయే, మీ చేతితోనే నడచి రహస్యపదములను దొంగిలించును. ఎఱుగనివారు చెప్పిన యాజ్ఞను అతికించుట, చదువని కాగితముమీద వ్రేలిముద్ర వేయుటతో సమానము. మోసపోయి సొమ్ము పోయినచో ఆలసింపక 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను.

“ఇది స్త్రీలకు తగిన పనియా?” అను మాటకు చరిత్రయే సమాధానము. 1946లో అమెరికాలో వెల్లడియైన ఎనియాక్ యంత్రమునకు మొదట పని చెప్పినవా రాఱుగురు స్త్రీలు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు లందఱును గౌరవముతో చదివిన యూనిక్సు నిర్వహణ గ్రంథమును 1989లో సహరచయితలతో కలసి వెలువరించినది ఈవీ నెమెత్ అను స్త్రీ. ఆమె కొలరాడో విశ్వవిద్యాలయమున బోధించి, పెక్కుమందిని ఈ వృత్తిలో తీర్చిదిద్దెను. 2013లో సముద్రయానమున, న్యూజీలాండునుండి ఆస్ట్రేలియాకు పోవు త్రోవలో, ఓడతోగూడ కనుమఱుగయ్యెను.

అయినను కేవలము పవర్‌షెల్ నేర్చిన మాత్రమున ఉద్యోగము దొరకునని మేము చెప్పము. లినక్సు, నెట్‌వర్కుల విద్య, భద్రతావిషయములుగూడ నేర్వవలెను. అందుకు ఒక యేడాదియైన పట్టును. కాని మొదటి మెట్టునకు ఖర్చు లేదు, పరీక్ష లేదు, ఇల్లు విడిచి హైదరాబాదునకు పోవలసిన పనియు లేదు. రోజున కరగంట చాలును. మొదటి వారము గెట్ ఆజ్ఞలు. రెండవ వారము సహాయపుటములు చదువుట. మూడవ వారము నిలువుగీతతో కూర్పులు. నాలుగవ వారము అభ్యాసపు ఫోల్డరులో -వాట్‌ఇఫ్‌తో మార్పులు. ప్రక్కన నొక నోటుపుస్తక ముంచుకొని, దినమున కొక యాజ్ఞ చొప్పున దాని యర్థముతోగూడ వ్రాసికొనుడు.

అడుగుడు, చూడుడు, పనిని ఉత్తుత్తిగా జరిపించి చూడుడు, అటుపిమ్మట చేయుడు. ఈ వరుస తప్పనివారి చేతిలో ఇంటి పత్రములును, యంత్రములును పదిలముగా నుండును. వచ్చు నెల ఇంటి ఫోటోలకు, పత్రములకు ప్రతివారము నకళ్ళు తీయు చిన్న స్క్రిప్టును వ్రాయు విధము తెలిపెదము. అంతలో అభ్యాసమున కలిగిన సందేహములను కార్డుమీద వ్రాసి పంపిన, ఈ శీర్షికయందే సమాధాన మిత్తుము.